కషాయం పనిచేస్తోంది పెద్దమ్మా

గుంటూరు
3-3-2024

పెద్దమ్మకు సిద్దికా సలాములు.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని విసుక్కుంటూ విప్పి ఉంటావు. ఫోనులో మాట్లాడితే నీకు వినపడదు. మెసేజి పెట్టాలంటే షిరీన్ ఫోనుకే పెట్టాలి, అది చదివి నీకు చూపించాలి. ఈ సంగతి చెల్లెలికి తెలియకూడదు. అందుకని తలుపేసుకుని చదువు.

ఏడాదిగా నా మొహం ఎర్రబడుతోందని, మిర్చి యార్డులో కాయల ఘాటుకేమోనని చెప్పాను కదా. ఘాటు కాదు పెద్దమ్మా. ముక్కు మీదుగా రెండు బుగ్గలకీ ఒకేలా పాకింది. ఎండలో నిలబడి మిర్చి టిక్కీ బస్తాలకు చీటీలు కట్టి ఇంటికొస్తే జ్వరం. పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు, చెంబు కూడా పట్టుకోలేను. దువ్వెన నిండా జుట్టు. ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పారు. నాలుగో ఆవిడ, లక్ష్మీదుర్గ గారు, రక్తపరీక్షలు చేయించి దాని పేరు చెప్పింది. లూపస్ అంట.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మన ఒంట్లో రోగాల్ని తరిమే శక్తి ఉంటుంది కదా, అది దారి తప్పి నా ఒంటి మీదే పడిందట. కాపలాకి పెంచుకున్న కుక్క ఇంట్లోవాళ్ళనే కరిచినట్టు అనుకో. పూర్తిగా పోయే జబ్బు కాదు. బిళ్ళలు మింగుతూ, ఎండ తగలకుండా చూసుకుంటూ బతకాలి. ఎవరికీ అంటదు. కీళ్ళూ చర్మం వరకు ఉంటే ఫరవాలేదు గానీ కిడ్నీల మీదికి పోకూడదంది. కాళ్ళు వాచినా, మూత్రంలో నురగ వచ్చినా ఆ రోజే రమ్మని రెండుసార్లు చెప్పింది.

మీ అల్లుడు మాబు వెళ్ళిపోయాడని నీకు తెలుసు, ఎందుకో తెలీదు. ఇది అంటురోగం అని వాళ్ళమ్మ అంది. చీమకుర్తి రాయి లారీ ఎక్కిపోయినవాడు మళ్ళీ రాలేదు. పిలవడానికి నాకూ మనసు రాలేదు.

షిరీన్‌కి ఇరవై నిండాయి. సంబంధాలు చూస్తున్నావు. అక్కకి ఇలాంటిదుందని బయటికి పొక్కితే దాని గతేంటి? పైగా అది పిరికిది. చెప్పకు.

రంజాన్ వస్తోంది. ఈసారి నన్ను రోజా ఉపవాసాలు ఉండొద్దంది డాక్టరమ్మ. నా వంతు దువా కూడా నువ్వే చెయ్యి. నువ్వు మాత్రం రావద్దు, నేను బాగానే ఉన్నాను.

నీ సిద్దికా

సింగరాయకొండ
14-3-2024

సిద్దికా తల్లికి పెద్దమ్మ జుబేదా దీవించి రాసేది.

తలుపేసుకుని చదవమన్నావు, వేసుకున్నా. షిరీన్ బయటి నుంచి తలుపు బాదిందంట. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టు, నాకేం వినపడిద్ది? కిటికీలోంచి చీపురుకట్ట పెట్టి పొడిచింది. ఏం చదువుతున్నావంటే పాత పరుపుల చీటీలని బొంకా.

పిల్లా, నాలుగు పేజీలు రాశావు. నాలుగుసార్లు చదివా. ముప్పై ఏళ్ళు దూది ఏకే మిషను పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాక, నాతో ఇంతసేపు మాట్లాడినవాళ్ళు లేరే. పేటలో అందరూ మంచోళ్ళే. "అన్నం తిన్నావా" అని చేత్తో అడిగి పోతారు. అంతకుమించి అరవడానికి ఎవరికి ఓపిక? రోగం సంగతి చదివి ఏడ్చా. కానీ నాకు ఉత్తరం వచ్చిందని సంతోషపడ్డా కూడా. పాపమో పుణ్యమో, అల్లాకే తెలియాలి.

మాబుగాడి పేరు నా దగ్గర ఎత్తకు. అంటురోగమంట! ఆ ముసలిదాని నోరు పడిపోను.

ఇక నీ జబ్బు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇది అలాంటిదే. కానీ కుక్క సంగతి రాశావు చూడు, అది నాకు బాగా అర్థమైంది. రోగాన్ని తరిమే శక్తికి తిండి చాలక పిచ్చెక్కిందన్నమాట. చిన్నప్పటి నుంచీ నువ్వు తిండి దగ్గర పిసినారివి. దానికి బలం పడితే దారికొస్తది. కరోనా అప్పుడు ఈ పేటంతా దేంతో బతికింది? తిప్పతీగ కషాయంతో. నేను చూసుకుంటా, నువ్వు బెంగపడకు.

నీ పెద్దమ్మ

గుంటూరు
5-4-2024

పెద్దమ్మా, సలాం.

నువ్వు తలకిందులుగా అర్థం చేసుకున్నావు. కుక్కకి బలం తగ్గలేదు, ఎక్కువైంది. నాకిచ్చే బిళ్ళలు దాన్ని పడుకోబెట్టడానికి. బలం పెంచేవి ఏవీ తాగొద్దంది డాక్టరమ్మ. తిప్పతీగ పేరెత్తి మరీ అడిగాను, అస్సలు వద్దంది. కాబట్టి శ్రమపడి ఏమీ చెయ్యకు.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. మా సూపర్వైజరు త్రినాథ్ గారికి నేను ఎండలో ఉండకూడదని చెప్పాను. ఆయన మంచివాడు. "దాందేముందమ్మా, నిన్ను కోల్డ్ స్టోరేజిలోకి మారుస్తా, అక్కడ సూర్యుడికే ఎంట్రీ లేదు" అన్నాడు. సంతోషంగా వెళ్ళాను. లోపల మిరపకాయ టిక్కీలు అంతస్తులుగా పేర్చి ఉంటాయి. చీకటి, చల్లదనం. గంట కాకముందే నా వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడి, తర్వాత నీలంగా అయ్యాయి. చీటీ కింద పడితే తీయలేకపోయాను. ఈ జబ్బున్న కొంతమందికి చలి కూడా పడదట. ఎండా పడదు, చలీ పడదు. త్రినాథ్ గారు తలకొట్టుకుని, ఇప్పుడు బయటి గదిలో రిజిస్టరు ముందు కూర్చోబెట్టాడు.

అక్కడ నాతో ఎవరూ కూర్చోరు. పని అయ్యాక, ఎండ తగ్గేదాకా ఆగి, గొడుగు వేసుకుని నడుస్తాను. ఏప్రిల్ సాయంత్రం గొడుగేంటని నవ్వుతారు. గదిలో కిటికీకి నల్లగుడ్డ కట్టుకున్నాను. ఆదివారాలు ఎవరితోనూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిచిపోతాయి.

సరేలే. పండక్కి షిరీన్‌కి చుడీదార్ పంపాను, చూసుకో.

నీ సిద్దికా

సింగరాయకొండ
22-4-2024

సిద్దికాకి,

మన పేటలో పిల్ల యాస్మిన్ పరీక్షకని గుంటూరు వస్తోంది. ఆ పిల్ల చేత డబ్బా పంపుతున్నా. అందులోది తిప్పతీగ పొడి. పొద్దున్నే చెంచాడు నీళ్ళలో కాచి తాగు.

నీ ఉత్తరం అందేసరికే తీగ తెచ్చేశా. రోజా పట్టుకుని, గొంతు ఎండిపోతుంటే, రైలు కట్ట అవతల వేపచెట్లు పట్టుకు తిరిగా. మోచెయ్యి గీరుకుపోయింది. ఎనిమిది రోజులు నీడన ఆరబెట్టి, నా చేత్తో దంచి, మన పరుపుల గుడ్డలోనే జల్లెడ పట్టా. నీకు అక్కర్లేదంటే మురుగుకాలవలో పోసెయ్. డాక్టరమ్మ చదువుకుంది, నేను ఏడో క్లాసు. చెవిటిదాని మాట ఎవరిక్కావాలి? మీ అమ్మ పోయినప్పుడు మీ ఇద్దర్నీ ఏ డాక్టరమ్మ పెంచిందో అడిగి రాయి.

జుబేదా

గుంటూరు
10-5-2024

పెద్దమ్మా, కోపం వద్దు. డబ్బా అందింది.

తాగుతున్నాను. చేదుగా ఉంది గానీ తాగుతున్నాను. రెండు వారాలకే వేళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. కషాయం పనిచేస్తోంది పెద్దమ్మా.

మళ్ళీ రాయి. ఈసారి పెద్ద ఉత్తరం రాయి.

నీ సిద్దికా

సింగరాయకొండ
18-8-2024

నా బంగారుతల్లి సిద్దికాకి,

నిన్న షిరీన్ ఫోనులో నీ ఫోటో చూపించింది. ఏమే, ఎంత నిండుగా ఉందే నీ మొహం! బుగ్గలు బూరెల్లా పొంగాయి. ఎప్పుడూ ఎండుచేపలా ఉండేదానివి. మా పేటలో అందరికీ చూపించా. "ఏం పెట్టావ్ జుబేదా" అని చేత్తో అడిగారు. చెప్పా. ఇప్పుడు నలుగురు నా దగ్గరికి పొడికి వస్తున్నారు. నాతో కూర్చుంటున్నారు కూడా. ముసలిదానికి ముసలితనంలో గిరాకీ వచ్చింది.

షిరీన్ ఈమధ్య బద్ధకం మరిగింది. కాలేజీ నుంచి వచ్చి మంచమెక్కిద్ది. మోకాళ్ళు లాగుతున్నాయంటది. ఆ వయసులో నేను పూటకి రెండు పరుపులు కుట్టేదాన్ని. ఒంగోలు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లాడికి ఏసీలు బాగుచేసే పని. పండగలు అయ్యాక చూద్దామన్నారు.

పొడి ఇంకో డబ్బా దంచుతున్నా. నీకు తగ్గుతోందని చదివినప్పటి నుంచి నాకు నిద్ర పడుతోంది.

నీ పెద్దమ్మ

గుంటూరు
2-9-2024

పెద్దమ్మా, సలాం.

మొహం గురించి నువ్వు రాసింది చదివి నవ్వుకున్నాను. అవును, ఒళ్ళు చేశాను. నీ చేతి చలవ.

షిరీన్ ఫోను చేసినప్పుడల్లా ఒంట్లో బాగుందా అని అడుగుతూనే ఉన్నాను. బాగున్నానక్కా అంటుంది. రాత్రిళ్ళు ఫోను చూస్తూ మేలుకుంటుందేమో, కాస్త కోప్పడు.

రాయడానికి ఇంకా ఉంది గానీ వేళ్ళు సహకరించడం లేదు. చలికాలం కూడా రాకుండానే ఇలా. నువ్వేం కంగారుపడకు.

నీ సిద్దికా

సింగరాయకొండ
12-10-2024

సిద్దికా తల్లికి,

నువ్వు దగ్గరుంటే బాగుండునని ఈ ఉత్తరం రాస్తున్నా, నిన్ను భయపెట్టాలని కాదు. నీకొచ్చిందే షిరీన్‌కీ వచ్చినట్టుంది. నువ్వు రాసిన ఉత్తరం తీసి ఒక్కొక్కటీ సరిచూసుకున్నా. వేళ్ళు, జుట్టు సరిపోయాయి. పైగా మోకాళ్ళ నొప్పి, నోట్లో పుండ్లు. వారం నుంచి పొద్దునపూట పాదాలు వాస్తున్నాయి. వేలు పెట్టి నొక్కితే గుంట పడుతోంది. ఇదొకటి చెప్పడానికి సిగ్గుపడింది గానీ, మూత్రం కూడా సబ్బునీళ్ళలా వస్తోందంట.

చేయి దాటకముందే కనిపెట్టా. నీకు తగ్గించింది దానికి తగ్గించదా? నీకు చెంచాడు అయితే దానికి రెండు చెంచాలు పోస్తున్నా, పూటపూటకీ. నాలుగు వారాలైంది. నువ్వన్నట్టు నీ సంగతి చెప్పలేదు. అక్కకి కీళ్ళనొప్పులుంటే దీంతోనే తగ్గాయని మాత్రం చెప్పా. అక్కకి తగ్గిందిగా అని ముక్కు మూసుకుని గడగడా తాగేసిద్ది పిచ్చిది.

డాక్టరు దగ్గరికి వెళితే ఒంగోలు వాళ్ళకి తెలిసిపోద్ది. ఆ అవసరం లేకుండా నువ్వే ముందు తాగి చూపించావు. అల్లా నిన్ను చల్లగా చూడాలి.

నీ పెద్దమ్మ

గుంటూరు
17-10-2024

పెద్దమ్మా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు తెల్లవారుజామున మొదటి బస్సెక్కి నాతోనే తెస్తున్నాను. నీ చేతికి ఇచ్చి, నువ్వు చదివేదాకా నీ ముందే నిలబడతాను. నోటితో చెప్పే ధైర్యం లేదు. చెప్పినా నా పెదాలు ఎంతవరకు చదవగలవు?

ఇప్పుడే షిరీన్‌కి ఫోను చేశాను. "ఏం లేదక్కా, కషాయం తాగుతున్నా, నీకు తగ్గిందిగా" అంది. రేపు పొద్దున్నే ఒంగోలు వెళుతున్నాం, బట్టలు సర్దుకోమని చెప్పాను. ఎందుకని అడిగింది. ఫోను పెట్టేశాను.

నేను ఒక్క చెంచా కూడా తాగలేదు. డబ్బా మూతే తీయలేదు. నాకు తగ్గింది బిళ్ళలతో. నా మొహం నిండింది బలంతో కాదు, స్టెరాయిడ్ బిళ్ళలు వేసుకుంటే అలా ఉబ్బుతుంది. నువ్వు నలుగురికీ చూపించిన ఆ బుగ్గల్ని నేను అద్దంలో చూడలేక అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టుకున్నాను.

కాళ్ళు వాచినా, నురగ వచ్చినా ఆ రోజే రమ్మని మొదటి ఉత్తరంలోనే రాశాను. కానీ దాని తర్వాత నేను రాసిన అబద్ధమే నువ్వు నమ్మావు. నమ్మేలా నేనే రాశాను.

ఎందుకు రాశానంటావా? నువ్వు జుబేదా అని సంతకం పెట్టిన ఉత్తరం వచ్చింది. పెద్దమ్మ అని లేదు. ఇక నువ్వు రాయవేమోనని భయమేసింది. నాకు ఉత్తరం రాసేదానివి, మాట్లాడేదానివి నువ్వొక్కదానివే.

చదవడం అయ్యాక నన్ను కొట్టు. కానీ ముందు షిరీన్‌ని బస్సెక్కించు.

సిద్దికా

గుంటూరు
20-11-2024

పెద్దమ్మా,

నెల దాటింది. నీ దగ్గర నుంచి ఒక్క ముక్క రాలేదు.

ఒంగోలు ఆసుపత్రి వరండాలో నాలుగు రోజులు మనం ఒకే బల్ల మీద కూర్చున్నాం. నేను మాట్లాడబోయినప్పుడల్లా నువ్వు మొహం అటు తిప్పుకున్నావు. వేరేవాళ్ళయితే కోపంగా ఉన్నా మాట చెవిలో పడుతుంది. నువ్వు మొహం తిప్పుకుంటే నీకు చేరడానికి నాకు ఇంకే దారీ లేదు. కాగితం మీద రాసి నీ ఒళ్ళో పెట్టాను. మడిచి పక్కన పెట్టావు.

షిరీన్ కూడా నాతో సరిగా మాట్లాడడం లేదు. ఒక్కసారే అడిగింది. "రోజూ ఒంట్లో బాగుందా అని అడిగేదానివి. ఎందుకు అడుగుతున్నావో ఒక్కసారి చెప్పుంటే నేను కాళ్ళు వాచిన రోజే చెప్పేదాన్ని కదక్కా." అది భయపడుతుందని దాచాను. తెలియకపోబట్టే అది ఇప్పుడు సూదుల మధ్య పడుకుంది.

సెలవు అయిపోయి వచ్చేశాను. కిడ్నీ నుంచి ముక్క తీసిన పరీక్ష ఏమైందో కూడా నాకు తెలీదు. ఫోను చేస్తే షిరీన్ తీయదు. తిట్టడానికైనా సరే, రాయి.

సిద్దికా

సింగరాయకొండ
8-12-2024

సిద్దికాకి,

షిరీన్‌ని ఇంటికి తెచ్చి పదిరోజులైంది. పరీక్షలో జబ్బు కిడ్నీల్లోకి దిగిందని వచ్చింది. కొంత మచ్చలు కట్టిపోయింది, అది తిరిగి రాదంట. మిగిలింది మందులతో నిలబెట్టాలి, ఏళ్ళ తరబడి మింగాలి అన్నారు. మిషను మీద రక్తం శుభ్రం చేసే దాకా పోలేదు. ఇప్పుడు కాళ్ళ వాపు తీసింది. అన్నం తింటోంది. దాని మొహం కూడా నీ మొహంలాగే ఉబ్బింది. ఈసారి నేనెవరికీ చూపించలేదు.

తీగ వల్లే ఇలా అయిందా అని డాక్టరుని కాగితం మీద రాసి అడిగా. ఈ జబ్బుకి అది మంచిది కాదు, కానీ పెద్ద దెబ్బ ఆలస్యం వల్ల అని కింద రాసిచ్చాడు. ఆలస్యం చేసింది నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా. పేటలో పొడి తీసుకున్న నలుగురి ఇళ్ళకీ పోయి తిరిగి తెచ్చేసుకున్నా. మళ్ళీ ఎవరూ వచ్చి కూర్చోవడం లేదు.

ఒంగోలు సంబంధం వాళ్ళకి నేనే కబురుపెట్టా, పిల్లకి జబ్బుందని. వాళ్ళు మళ్ళీ మాట్లాడలేదు. పోనీ.

నీ మీద కోపం లేదని రాస్తే అది అబద్ధం. వరండాలో కావాలనే మొహం తిప్పుకున్నా. అబద్ధం చెప్పిన నోరు నాకెందుకు చూడాలి అనుకున్నా. నువ్వెళ్ళాక ఆ బల్ల మీద ఒక్కదాన్నే కూర్చుంటే తెలిసింది, నీకున్న ఒక్క దారీ మూసేశానని. తప్పే.

కానీ నా మాట కూడా విను. చెవులు పోయినప్పటి నుంచి అందరూ నాతో అబద్ధమే ఆడతారు. నేనొకటి అడిగితే, అరిచి చెప్పే ఓపిక లేక, తల ఊపి "అవునవును" అని పోతారు. నాకు తెలుస్తది. నేనూ తలూపి ఊరుకుంటా. నీ ఉత్తరాలు ఒక్కటే నా దగ్గర తల ఊపనివి అనుకున్నా. నువ్వు కూడా ఊపావు. మిషను దగ్గర చెవులు పోయిన రోజు కూడా నాకింత దిగులు కాలేదే.

పాత ఉత్తరాలు మళ్ళీ తీసి చదివా. కుక్కకి బలం ఎక్కువైందని నువ్వు శుభ్రంగా రాశావు. నాకు కావలసింది పట్టుకుని మిగతాది వదిలేసింది నేను. నీ చేత అబద్ధం రాయించింది కూడా నా రోషమే.

ఇకమీదట నాకు బాగున్నానని రాయకు. బాగోకపోతే బాగోలేదని రాయి. రాయలేకపోతే ఉత్తరమే వద్దు.

షిరీన్ నీ ఉత్తరాలన్నీ చదివింది. నేనే ఇచ్చా. మడతలు సరిచేసి తిరిగిచ్చింది.

పెద్దమ్మ

గుంటూరు
22-12-2024

పెద్దమ్మా,

ఇక్కడ క్షేమం అని రాయబోయి కొట్టేశాను.

బాగోలేదు. ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడు రోజులైంది. రోజుకి నాలుగైదు వాక్యాలు రాసేసరికి వేళ్ళు బిగుసుకుంటున్నాయి. జ్వరం వచ్చి పోతోంది. లక్ష్మీదుర్గ గారు బిళ్ళలు పెంచింది. కిడ్నీల పరీక్ష మాత్రం ఇప్పటికి మంచిగానే వచ్చింది, ఇది నిజం, కాగితం కూడా పెడుతున్నాను చూసుకో.

పనిలోకి వెళ్ళి వారమైంది. త్రినాథ్ గారు ఫోను చేసి "ఎలా ఉందమ్మా" అంటే అలవాటుగా బాగుందండీ అనేశాను. ఆయన నిజమనుకుని సంతోషించాడు. ఇంటావిడ పాలప్యాకెట్టు గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోతుంది. నిన్న మధ్యాహ్నం అన్నం వండుకోలేక ఆ పాలే తాగి పడుకున్నాను. లేచేసరికి గదిలో చీకటిగా ఉంది. పొద్దో సాయంత్రమో తెలియలేదు. అడగడానికి ఎవరూ లేరు. ఆ కాసేపు చాలా భయమేసింది పెద్దమ్మా. ఏడ్చాను కూడా.

నువ్వు మాత్రం రావద్దు అని అప్పుడు రాశాను. అదీ అబద్ధమే. మొదటి ఉత్తరం నుంచీ నువ్వొచ్చి నా పక్కన కూర్చోవాలనే ఉంది. మాట్లాడక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

షిరీన్‌ని ఆ స్థితిలో వదిలి నువ్వు కదలలేవని తెలుసు. కదలొద్దు కూడా. దానికి నువ్వు కావాలి. రాలేవని తెలిసే అడుగుతున్నాను, నిజం రాయమన్నావు కాబట్టి.

రా పెద్దమ్మా.

సిద్దికా